ఊ కొట్టడం మానేద్దాం: పైలట్లకీ ఏటీసీకి వెళ్లేవాళ్లకీ ఇంగ్లీషు సాధన, మెట్టు తర్వాత మెట్టు

చిన్నప్పుడు కావలిలో మా అమ్మమ్మ కథ చెప్తుంటే నేను ఊ కొట్టేవాణ్ని. కథ సగంలోనే నిద్రపోయేవాణ్నట, నోరు మాత్రం ఇంకాసేపు ఊ కొడుతూనే ఉండేదట. ఇరవై ఏళ్ల తర్వాత ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, నేల మీద నుంచి విమానాలకి దారి చెప్పే పని) ట్రైనింగులో హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్నప్పుడు కూడా నేను చేసింది ఆ పనే. పక్క గదిలోంచి ఇన్‌స్ట్రక్టర్ పైలట్ లాగా గబగబా ఏదో అన్నారు, నేను అందిందన్నట్టు "రోజర్" అన్నాను. ఇంకోటి అన్నారు, మళ్లీ "రోజర్". మూడోసారికి ఆయన లేచి నా దగ్గరికొచ్చి, "ఇప్పుడు నేనేం చెప్పానో చెప్పు" అన్నారు. ఒక్క ముక్క కూడా చెప్పలేకపోయాను. ఆయన చెప్పింది, విమానంలో ఒక ఇంజిన్ ఆగిపోయిందని.

పదో తరగతి దాకా తెలుగు మీడియం, డిగ్రీలో ఇంగ్లీషు మీడియం అనే పేరుతో సగం తెలుగు, ఇదీ నా చదువు. అయినా ఆ రోజు నన్ను ముంచింది ఇంగ్లీషు రాకపోవడం కాదు, అర్థం కాలేదని చెప్పలేకపోవడం. ఇప్పుడు ఆదివారాలు నెల్లూరులో నా దగ్గరికి కందుకూరు నుంచీ ఒంగోలు నుంచీ పిల్లలొస్తున్నారు. కొందరు ఫ్లయింగ్ స్కూల్లో చేరబోయేవాళ్లు, కొందరు బీఎస్సీ, బీటెక్ అయ్యి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పరీక్షకి కూర్చునేవాళ్లు. అందరూ మొదట అడిగేది ఒకటే, "అన్నా, ఏ గ్రామర్ పుస్తకం కొనాలి?" ఏదీ కొనొద్దు. ముందు ఇది చదవండి.

మొదలుపెట్టే ముందు: మార్కులు ఎలా వేస్తారో తెలుసుకోండి

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అందరూ ఐకావో అంటారు, ఇంగ్లీషుకి 6 లెవెల్స్ పెట్టింది. వేరే దేశాలకి ఎగిరే పైలట్‌కీ, ఆ విమానాలతో మాట్లాడే కంట్రోలర్‌కీ కనీసం లెవెల్ 4 ఉండాలి. 4 వస్తే మూడేళ్లకోసారి, 5 వస్తే ఆరేళ్లకోసారి మళ్లీ పరీక్ష రాయించాలని ఐకావో సిఫారసు. 6 వస్తే ఇక అక్కర్లేదు. రాయడం అంటున్నాను గానీ ఇందులో రాసేది ఏమీ లేదు, వినడం, మాట్లాడటం, అంతే.

చూసేవి ఆరు: ఉచ్చారణ, వాక్య నిర్మాణం, పదసంపద, ధారాళంగా మాట్లాడటం, విని అర్థం చేసుకోవడం, ఎదుటివాళ్లతో సంభాషణ నడపడం. ఇక్కడో మెలిక ఉంది, చాలామందికి తెలియదు. ఆరింటికీ సగటు కట్టరు. అన్నిటికన్నా తక్కువ దేంట్లో వస్తే అదే మీ లెవెల్. అయిదింట్లో 5 వచ్చి వినడంలో 3 వచ్చిందంటే మీది 3 కిందే లెక్క. కాబట్టి వచ్చినదాన్నే మళ్లీ మళ్లీ తోముకుంటూ కూర్చుంటే లాభం లేదు. మీలో ఏది బలహీనమో దాని దగ్గర మొదలుపెట్టండి.

ఇంకో మాట, ఇది విని చాలామంది ఊపిరి పీల్చుకుంటారు: లెవెల్ 4 వివరణలోనే మాతృభాష యాస ఉండొచ్చని ఉంది. ఎప్పుడో ఒకసారి తప్ప అది అర్థం కావడానికి అడ్డుపడకపోతే చాలు. మన నెల్లూరు యాస పోగొట్టుకుని బీబీసీ వాళ్లలాగా మాట్లాడాల్సిన పనిలేదు. అలా నటించబోయి అసలు మాటే మింగేసినవాళ్లని చూశాను నేను.

మన దేశంలో పైలట్లకి ఈ ఇంగ్లీషు పరీక్షతో పాటు రేడియో వాడకానికి ఆర్టీఆర్ అనే లైసెన్సు పరీక్ష వేరే ఉంటుంది, అందులోనూ నోటితో చేసి చూపించేది ఉంది. కంట్రోలర్ ఉద్యోగానికైతే ఫిజిక్స్, మ్యాథ్స్‌తో డిగ్రీ గానీ ఇంజినీరింగ్ గానీ ఉండి, కంప్యూటర్ పరీక్ష దాటాక వాయిస్ టెస్టు పెడతారు. రాత పరీక్షలో మంచి మార్కులొచ్చి వాయిస్ టెస్టు అనగానే చెమటలు పట్టేవాళ్లు మన జిల్లాల్లో తక్కువేం కాదు.

ఈ నిబంధన ఎందుకొచ్చిందో కూడా ఒక్కసారి తెలుసుకోండి, చదవాలనే బుద్ధి దానంతటదే పుడుతుంది. 1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ బోయింగ్ 747, కజకిస్థాన్ ఇల్యూషిన్ 76 గాల్లో ఢీకొని 349 మంది పోయారు, ఒక్కరు కూడా మిగల్లేదు. ఢిల్లీ నుంచి లేచిన సౌదీ విమానం 14,000 అడుగుల దగ్గర ఆగాలి, కిందికి దిగుతున్న కజక్ విమానం 15,000 దగ్గర ఆగాలి. కజక్ విమానం ఆగలేదు, ఇంకా దిగింది. వాళ్ల విమానంలో కంట్రోలర్‌తో మాట్లాడేది పైలట్లు కాదు, వేరే రేడియో ఆపరేటర్. వాళ్ల ఇంగ్లీషు గురించి విచారణలో గట్టిగానే చర్చ జరిగింది. ఆ తర్వాత 2003లో ఐకావో ఈ లెవెల్స్‌ని ప్రమాణాల్లో చేర్చింది, 2008 మార్చి నుంచి వర్తింపజేసింది. అంటే మీరు తిట్టుకుంటున్న ఈ పరీక్ష వెనక మన గడ్డ మీద జరిగిన ప్రమాదం కూడా ఉంది.

మొదటి మెట్టు: నోరు మూసి చెవులు తెరవడం

మొదటి రెండు వారాలు మాట్లాడొద్దు, వినండి. ఇంటర్నెట్లో విదేశీ ఎయిర్‌పోర్టుల ఏటీసీ రికార్డింగులు బోలెడు దొరుకుతాయి. అమెరికావి మొదటే పెట్టుకోకండి, వాళ్ల వేగానికి గుండె జారుతుంది, పైగా వాళ్లు వాడే మాటలు కొన్ని ఐకావో మాటలకి తేడాగా ఉంటాయి. ఐకావో పద్ధతిలో డెసిమల్ అనేచోట వాళ్లు పాయింట్ అంటారు, ఇలాంటివి. యూరప్ ఎయిర్‌పోర్టులవి వింటే డచ్చివాళ్లు, స్పానిష్ వాళ్లు, టర్కీవాళ్లు అందరూ దొర్లుతారు, మనకి కావలసింది అదే. ఇక్కడ ఇంట్లో కూర్చుని మన విమానాల మాటలు పట్టే రేడియో సెట్టు కొందామనే ఆలోచన మాత్రం వద్దు, మన దేశంలో లైసెన్సు లేకుండా అది చిక్కుల్లో పడేసే పని.

ఎలా వినాలంటే, పది సెకన్ల ముక్క వినండి, ఆపండి, విన్నది కాగితం మీద పెట్టండి. అంకెలు ముందు, మాటలు తర్వాత. మొదటి రోజు పది ముక్కల్లో రెండు వస్తే గొప్ప. "ఏందన్నా, అంత స్పీడుగా మాట్లాడితే ఎట్టా అర్థమవుద్ది" అని ఒక కందుకూరు అబ్బాయి మొదటి వారమే పారిపోబోయాడు. మూడో వారానికి అవే రికార్డింగులు వాడికి నెమ్మదిగా వినపడ్డాయి. రికార్డింగ్ మారలేదు కదా.

దీనికన్నా మంచి ప్రాక్టీసు గది ఒకటి మన ఊళ్లోనే ఉంది, పైసా ఖర్చు లేదు, ప్లాట్‌ఫాం టికెట్ తప్ప. నెల్లూరు రైల్వే స్టేషన్. అనౌన్స్‌మెంట్ తెలుగులో అయిపోయాక ఇంగ్లీషులో వస్తుంది, రైలు నంబరు ఒక్కొక్క అంకెగా చదువుతారు. పినాకిని అయితే వన్ టూ సెవెన్ వన్ టూ, లేదా వన్ టూ సెవెన్ వన్ వన్. పక్కన ఇడ్లీ వడ అరుపులు, పిల్లల ఏడుపులు, గూడ్సు బండి మోత. ఆ రొదలో నంబరు, ప్లాట్‌ఫాం, ఎన్ని నిమిషాలు ఆలస్యం, మూడూ ఒక్కసారి విని తిరిగి చెప్పాలి. రేడియోలో ఉండేది కూడా ఇలాంటి రొదే. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఇయర్‌ఫోన్స్‌తో నేర్చుకున్నది కాక్‌పిట్‌లో సగం పనికిరాదు.

రెండో మెట్టు: అక్షరాలు, అంకెలు

రేడియోలో ఏ, బీ, సీ అక్షరాలకి బదులు పలికే అల్ఫా, బ్రావో, చార్లీ అనేవి ఇరవై ఆరు. బట్టీ పట్టడం ఒక పూట పని, తడుముకోకుండా రావడం నెల పని. నేను చెప్పే చిట్కా, బస్సులో కావలి నుంచి నెల్లూరు వస్తూ ముందు పోతున్న ప్రతి బండి నంబరూ చదవండి. పాత బండైతే నెల్లూరు ఏపీ 26, ప్రకాశం ఏపీ 27. అల్ఫా పాపా టూ సిక్స్. 2019 నుంచి వచ్చిన బండ్లు చాలావరకు ఏపీ 39, అల్ఫా పాపా ట్రీ నైనర్. పక్కసీటు పెద్దాయన అనుమానంగా చూస్తాడు, చూడనివ్వండి.

కొన్ని మాటలు మనవాళ్లు తప్పు పలుకుతారు. క్వెబెక్ కాదు, కెబెక్. పాపాలో బరువు రెండో అక్షరం మీద పడాలి, మనం నాన్నని పిలిచినట్టు మొదటి దాని మీద కాదు. హోటెల్‌లో టెల్ మీద, నవెంబర్‌లో వెం మీద. ఇక మన దేశంలో రిజిస్టరైన విమానాల పేర్లన్నీ విక్టర్ టాంగోతోనే మొదలవుతాయి. అందులో మొదటి అక్షరమే తెలుగువాళ్లకి గండం, ఎందుకో కింద చెప్తాను.

అంకెల్లో త్రీని ట్రీ అనీ, ఫైవ్‌ని ఫైఫ్ అనీ, నైన్‌ని నైనర్ అనీ, థౌజండ్‌ని టౌజండ్ అనీ పలకమని ఐకావోనే చెప్పింది. థ అనే శబ్దం లోకంలో సగం మందికి నోరు తిరగదు, రేడియో గరగరలో ఫైవ్, నైన్ ఒకదానిలా ఒకటి వినపడతాయి, అందుకని. ప్రపంచం కోసం ఇంగ్లీషే కాస్త వంగింది. మీరు ట్రీ అంటే నవ్వేవాళ్లు బయట ఉంటారేమో, రేడియోలో ఉండరు.

మనవాళ్లు ఫోన్ నంబరు చెప్పేటప్పుడు "డబుల్ ఫోర్, ట్రిపుల్ సెవెన్" అంటాం చూడండి, ఆ అలవాటు ఈ రోజే వదిలేయండి. రన్‌వే, హెడింగ్ (విమానం ముక్కు ఉండే దిక్కు, డిగ్రీల్లో), ఫ్రీక్వెన్సీ అన్నీ విడివిడి అంకెలే. చెన్నై రన్‌వే టూ ఫైఫ్, ట్వెంటీ ఫైవ్ కాదు. ఎత్తు మాత్రం వేలు, వందలుగా చెప్పాలి, టూ టౌజండ్ ఫోర్ హండ్రెడ్ అని.

అది పట్టింపు కోసం పెట్టిన రూలు కాదు. 1989 ఫిబ్రవరి 19న కౌలాలంపూర్ దగ్గర దిగుతున్న ఒక సరుకు విమానానికి, బోయింగ్ 747, కంట్రోలర్ "డిసెండ్ టూ ఫోర్ జీరో జీరో" అన్నాడు. ఆయన ఉద్దేశం 2,400 అడుగులు. ఇంగ్లీషులో రెండు అనే టూ, "కి" అనే టూ ఒకేలా పలుకుతాయి కదా, పైలట్లకి అది 400 అడుగులకి దిగమన్నట్టు వినపడింది. వాళ్లు తిరిగి చెప్పింది కూడా ఫోర్ జీరో జీరో అనే. ఎవరూ సరిచేయలేదు. విమానం కొండకి కొట్టుకుని నలుగురూ చనిపోయారు. ఇందులో గ్రామర్ తప్పు ఎక్కడుందో చూపించండి. లేదు.

రోజూ పొద్దున చేసే పని ఒకటి పెట్టుకోండి. ఎయిర్‌పోర్టుల వాతావరణ రిపోర్టు, మెటార్ అంటారు, నెట్లో ఉచితంగా దొరుకుతుంది. చెన్నై కోడ్ వీవోఎంఎం, తిరుపతిది వీవోటీపీ. దాన్ని తెరిచి పైకి చదవండి. "విండ్ జీరో ఎయిట్ జీరో డిగ్రీస్, వన్ జీరో నాట్స్, విజిబిలిటీ ఫైఫ్ టౌజండ్ మీటర్స్, హేజ్, క్యూఎన్‌హెచ్ వన్ జీరో జీరో నైనర్." క్యూఎన్‌హెచ్ అంటే ఎత్తు చూపే మీటరు సరిచేసుకోవడానికి చెప్పే గాలి పీడనం. రెండు నిమిషాల పని. నెల తిరిగేసరికి అంకెలు నోట్లోంచి వాటంతటవే జారతాయి.

మూడో మెట్టు: తెలుగు నోటికి రిపేరు

యాస పోనక్కర్లేదని చెప్పాను. కానీ మాటని మార్చేసే అలవాట్లు కొన్ని ఉన్నాయి, వాటిని మాత్రం సరిచేసుకోవాలి.

అన్నిటికన్నా పెద్దది, చివర ఉకారం. తెలుగు మాట అచ్చుతో ముగియాలి, లేకపోతే మనకి నోరు ఊరుకోదు. లెఫ్టు, రైటు, హోల్డు, షార్టు, ఫ్లైటు. హోల్డ్ షార్ట్ (రన్‌వేకి ముందే ఆగు) అనే రెండు దెబ్బల మాట మన నోట్లో నాలుగు దెబ్బలవుతుంది, వినే విదేశీయుడికి మధ్యలో ఇంకేదో మాట ఉన్నట్టు అనిపిస్తుంది. చివరి హల్లు దగ్గర నోరు టక్కున మూసేయడం ప్రాక్టీసు చేయండి. వేళ్లు గొంతు మీద పెట్టుకుని "లెఫ్ట్" అనండి. ట్ తర్వాత గొంతు మోగిందంటే ఉకారం వచ్చినట్టే.

రెండోది, మాట మొదట్లో య, వ దూర్చడం. ఎయిట్‌ని యెయిట్, ఎకోని యెకో, ఆస్కార్‌ని వాస్కర్. మనకి అలవాటైపోయి వినపడదు. ఫోన్లో రికార్డు చేసుకుని వినండి, సిగ్గేస్తుంది, మంచిదే.

మూడోది విక్టర్, విస్కీ. తెలుగులో ఉన్నది ఒకటే వ, ఇంగ్లీషులో రెండు. విక్టర్‌కి పై పళ్లు కింది పెదవి మీద ఆనాలి. విస్కీకి పళ్లతో పనిలేదు, ఈల వేయబోతున్నట్టు పెదాలు గుండ్రంగా చుట్టాలి. అద్దం ముందు నిలబడి మార్చి మార్చి ఇరవై సార్లు. అలాగే జీరో, జులు, హేజ్ అన్నప్పుడు మన జ కాదు. ముందు స్‌స్‌స్ అని బుసకొట్టి, అలాగే గొంతు మోగించండి, కందిరీగ చప్పుడు రావాలి.

క్లైంబ్ అని చదువుతారు చాలామంది, బ పలకదు, క్లైమ్. డెబ్రిస్ కాదు డెబ్రీ, రన్‌వే మీద పడి ఉన్న చెత్త.

మనకి కలిసొచ్చేది కూడా ఒకటి చెప్తాను, ఊరికే తిడితే ఎలా. కొన్ని భాషలవాళ్లకి ఫిల్, ఫీల్ తేడా జీవితాంతం పట్టుబడదు. హ్రస్వం, దీర్ఘం ఒకటో తరగతిలోనే నేర్చుకున్న మనకి అది ఇబ్బందే కాదు.

వేగం సంగతి. ఐకావో చెప్పింది నిమిషానికి 100 మాటలు మించొద్దని. ఫోన్లో టైమర్ పెట్టి, వంద మాటలున్న ఇంగ్లీషు పేరా నిమిషానికి సరిపోయేలా చదివి చూడండి. మా పిల్లలందరూ మొదటిసారి నలభై సెకన్లలో ముగించారు. టెన్షన్ వచ్చిన కొద్దీ మనవాళ్లు గేరు పెంచుతారు, తగ్గించాల్సింది అప్పుడే. మైకు బటన్ పూర్తిగా నొక్కి, ఆ తర్వాతే నోరు తెరవండి. లేకపోతే మీ మొదటి మాట గాల్లో కలిసిపోతుంది, చాలాసార్లు ఆ మొదటి మాటే పిలుపు పేరు.

నాలుగో మెట్టు: తిరిగి చెప్పడం, తిరిగి వినడం

నా దృష్టిలో అసలు మెట్టు ఇదే. మిగతావన్నీ దీనికి సరంజామా.

రోజర్ అంటే "మీరు చెప్పింది మొత్తం నాకు అందింది" అని మాత్రమే. సరే అని కాదు, అవును అని కాదు, చేస్తాను అని కాదు. చేస్తాను అనడానికి విల్కో ఉంది, అవునుకి అఫర్మ్, కాదుకి నెగటివ్, కుదరదుకి అన్ఏబుల్. రన్‌వే, ఎత్తు, హెడింగ్, వేగం, క్యూఎన్‌హెచ్, స్క్వాక్ కోడ్ (రాడార్‌లో విమానాన్ని గుర్తుపట్టే నాలుగంకెలు), క్లియరెన్స్ (అనుమతి), ఇవి వస్తే ఏ ఒక్కదానికీ ఉత్త రోజర్ చెల్లదు, విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి. దాన్ని కంట్రోలర్ చెవి పెట్టి విని, తప్పుంటే అక్కడికక్కడే పట్టుకోవాలి. పైలట్ తిరిగి చెప్పడం సగం, కంట్రోలర్ తిరిగి వినడం మిగతా సగం.

ఇంగ్లీషువాళ్లకి కూడా ఊ కొట్టే మాట ఒకటుంది, ఓకే. 1977 మార్చి 27న టెనెరీఫ్ ద్వీపంలో పొగమంచులో ఒకే రన్‌వే మీద రెండు జంబో విమానాలు, ఒకటి డచ్ సంస్థ కేఎల్ఎంది, ఇంకోటి అమెరికా సంస్థ పాన్ యామ్‌ది. కేఎల్ఎం పైలట్ క్లియరెన్స్ తిరిగి చెప్పి చివర్లో "వి ఆర్ నౌ ఎట్ టేకాఫ్" అన్నాడు. టేకాఫ్ చోటులో ఉన్నాం అని కంట్రోలర్ అనుకున్నాడు, వాళ్లు అప్పటికే పరుగు మొదలెట్టారు. కంట్రోలర్ "ఓకే" అన్నాడు, ఒక్క క్షణం ఆగి "స్టాండ్ బై ఫర్ టేకాఫ్, నేను పిలుస్తాను" అని కలిపాడు. సరిగ్గా అదే క్షణంలో ఇదే రన్‌వే మీదున్న పాన్ యామ్ కూడా మాట్లాడింది. రెండు మాటలూ ఒకదాన్నొకటి తినేసి, కేఎల్ఎం కాక్‌పిట్‌లో ఓకే తర్వాత కీచుమనే చప్పుడు తప్ప స్పష్టంగా ఏమీ వినపడలేదు. 583 మంది పోయారు. ఆ తర్వాతి నుంచి టేకాఫ్ అనే మాటని ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడూ, ఆ అనుమతిని రద్దు చేసేటప్పుడూ తప్ప వాడరు. మిగతా అన్నిచోట్లా డిపార్చర్.

ప్రాక్టీసుకి ఇద్దరు కావాలి. ఒకరి వీపు ఒకరికి పెట్టి కూర్చోండి, మొహాలు కనపడకూడదు, ఎందుకంటే మనం సగం మాటలు తలూపి చెప్తాం, రేడియోకి తల కనపడదు. ఇద్దరి దగ్గరా నెల్లూరు టౌను మ్యాపు ఉండాలి. ట్రంకు రోడ్డు అల్ఫా, ఇంకో వీధి బ్రావో, వీఆర్‌సీ సెంటర్ ఒక హోల్డింగ్ పాయింట్ (విమానం ఆగాల్సిన చోటు), మద్రాసు బస్టాండు రన్‌వే. ఒకరు టవర్, అంటే కంట్రోలర్, ఒకరు పైలట్. టవర్ దారి చెప్తే పైలట్ తిరిగి చెప్పి పెన్సిల్‌తో గీయాలి. పది నిమిషాలయ్యాక మ్యాపులు పక్కపక్కన పెట్టి చూసుకోండి. మొదటిసారి మా బ్యాచిలో ఒక విమానం పెన్నలో తేలింది.

రెండో వారం నుంచి మెలిక పెట్టండి. పైలట్ అప్పుడప్పుడూ కావాలనే తప్పు చెప్పాలి, బ్రావోకి బదులు డెల్టా, వన్ ఎయిట్ జీరోకి బదులు వన్ జీరో ఎయిట్. టవర్ పట్టుకుని "నెగటివ్" అని, సరైనది మళ్లీ చెప్పాలి. పట్టుకోలేకపోతే టీ ఖర్చు టవర్‌ది. కంట్రోలర్ కావాలనుకునేవాళ్లు ఈ ఆట రోజూ ఆడాలి. మనం ఏమి వినాలనుకుంటామో అదే వినపడుతుంది, ఆ జబ్బుకి వేరే మందు నాకు తెలియదు.

అయిదో మెట్టు: "సే అగైన్" అనడానికి సిగ్గు పడకపోవడం

మన ఇళ్లల్లో, బళ్లల్లో పెద్దవాళ్లు చెప్పిందాన్ని మళ్లీ అడిగితే "చెవుల్లో ఏం పెట్టుకున్నావురా" అంటారు. ఆ భయం రేడియో దాకా వస్తుంది. అవతలిది సీనియర్ కెప్టెన్ గొంతైతే మరీ. ఒకసారి అడిగి, రెండోసారి అర్థం కాకపోతే "ఓకే సర్" అనేస్తాం.

పరీక్షలో కూడా ఇది మార్కులు పోగొట్టే చోటు. సంభాషణ అనే ఆరో అంశంలో లెవెల్ 4కి అడిగేదే ఇది, అపార్థం వచ్చినట్టు అనిపిస్తే సరిచూసుకుని, నిర్ధారించుకుని తేల్చుకోవడం. అంటే అడిగితే మార్కు పోదు, అడక్కపోతేనే పోతుంది. మొత్తం వినపడకపోతే "సే అగైన్". ఒక ముక్కే జారితే "సే అగైన్ హెడింగ్" అని ఆ ముక్కే అడగండి. విన్నాను గానీ అనుమానంగా ఉందంటే "కన్ఫర్మ్ రన్‌వే టూ ఫైఫ్". మాట అందింది, అర్థం తెలియలేదంటే మామూలు ఇంగ్లీషులో వివరించమని అడగండి. మీరే తప్పు చెప్తే "కరెక్షన్" అని సరైనది చెప్పి ముందుకి పోండి, సారీ సర్ సారీ సర్ అంటూ ఫ్రీక్వెన్సీ నింపకండి.

ఈ వారం రోజుకి పదిసార్లు ఎవరినైనా మళ్లీ చెప్పమని అడగండి, బజారులో, బ్యాంకులో, తెలుగులోనే. ఇది ఇంగ్లీషు ప్రాక్టీసు కాదు, ధైర్యం ప్రాక్టీసు.

ఆరో మెట్టు: పుస్తకంలో లేనిది జరిగినప్పుడు

నిర్ణీత వాక్యాలు నేర్చుకుంటే రోజు గడిచిపోతుంది. కానీ ప్రయాణికుడికి ఫిట్స్ వచ్చినా, పులికాట్ వైపు నుంచి ఫ్లెమింగోల గుంపు అడ్డొచ్చినా, కాక్‌పిట్‌లో కాలిన వాసన వచ్చినా వాటికి తయారు వాక్యాలుండవు. అప్పుడు కావాల్సింది మామూలు ఇంగ్లీషు, పరీక్షలో ఎక్కువగా కొలిచేదీ దాన్నే.

పదం తెలియకపోతే చుట్టూ తిరిగి చెప్పడం రావాలి. దీనికి మా ఆట, ఇంగ్లీషు పేరు లేని వస్తువుని రెండు నిమిషాలు ఒక కజకిస్థాన్ పైలట్‌కి వివరించడం. రొట్టెల పండగ అంటే ఏంటి, స్వర్ణాల చెరువులో నిలబడి రొట్టె ఎందుకు మార్చుకుంటారు? నెల్లూరు చేపల పులుసులో మామిడికాయ ఎప్పుడు వేస్తారు? ఒంగోలు గిత్తని చూడనివాడికి దాని మూపురం ఎలా చెప్తారు? ఇవి చెప్పగలిగితే హైడ్రాలిక్ లీకు చెప్పడం పెద్ద కష్టం కాదు. చిన్న వాక్యాలు చాలు. ఏం జరిగింది, ఇప్పుడు ఎలా ఉంది, మీకేం కావాలి. "వి హిట్ బర్డ్స్. రైట్ ఇంజిన్ ఈజ్ వైబ్రేటింగ్. వి వాంట్ టు రిటర్న్." ఇందులో అందమేమీ లేదు, అవసరమూ లేదు.

తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో చెప్పేటప్పుడు దొర్లే ప్రమాదాలు రెండు ముఖ్యంగా చెప్పాలి. ఒకటి, లేదా అని ముగిసే ప్రశ్నలు. "గేరు దిగలేదా?", అంటే విమానం చక్రాలు కిందికి రాలేదా అని అడిగితే, మనం "ఆఁ, దిగలేదు" అంటాం. ఇంగ్లీషులో అదే ప్రశ్నకి యెస్ అంటే దిగిందని అర్థం. ప్రాణం తీసే తేడా ఇది. కంట్రోలర్లు ఇలాంటి ప్రశ్న అడగనే కూడదు. పైలట్లు యెస్, నో వదిలేసి పూర్తి వాక్యం చెప్పాలి, "గేర్ ఈజ్ నాట్ డౌన్" అని.

రెండోది మన మర్యాద. కడుపులో పేగులు తెగిపోతున్నా "ఏదో కొంచెం నలతగా ఉందబ్బా" అంటాం. అదే గొంతుతో రేడియోలో "సర్, స్మాల్ ప్రాబ్లం" అంటే అవతలివాళ్లు చిన్నదే అనుకుంటారు. 1990 జనవరి 25న న్యూయార్క్ దగ్గర కొలంబియా నుంచి వస్తున్న అవియాంకా 52 ఇంధనం పూర్తిగా అయిపోయి కూలింది, 73 మంది పోయారు. అంతకుముందు వాళ్లు "ప్రయారిటీ" అడిగారు, ఇంధనం అయిపోతోందని కూడా అన్నారు. ఎమర్జెన్సీ అనే మాట మాత్రం కంట్రోలర్ చెవిన పడలేదు. కాబట్టి ప్రాణాపాయం వచ్చిందని చెప్పే మేడే అనాల్సినచోట మేడే అనే అనండి, మూడుసార్లు. ఇంధనానికైతే "మేడే ఫ్యూయల్". అంత తీవ్రం కాకపోతే పాన్ పాన్. గొంతు పెంచక్కర్లేదు, మాట తగ్గించకూడదు.

పదాలు అక్షరక్రమంలో బట్టీ పట్టొద్దు. సంఘటన పెట్టుకుని దాని చుట్టూ పోగేయండి. తుపాను రోజు అనుకుంటే మీకే ఇరవై మాటలొస్తాయి, గాలి దిక్కు, ఈదురు, నీళ్లు నిలిచిన రన్‌వే, చూపు తగ్గడం. తీరంలో పుట్టినవాళ్లం, తుపాను మాటలు తెలుగులో ఎన్నో తెలుసు, వాటికి ఇంగ్లీషు జత కట్టండి.

గంట లెక్క, పరీక్ష రోజు

రోజుకి గంట, మూడు నెలలు. వినడానికి ఇరవై నిమిషాలు, మెటార్, నోటి కసరత్తు పదిహేను, మిగతా అంతా జతగాడితో. జతగాడు ఊళ్లో లేకపోతే వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు చాలు. నిజానికి అవే మేలు, ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు మాట్లాడలేరు, రేడియో లాగే. వారానికొకటి దాచిపెట్టుకోండి, నెల తర్వాత వింటే మీకే తేడా తెలుస్తుంది.

పరీక్షలో సాధారణంగా మీ గురించి, పని గురించి కొంత సంభాషణ, రికార్డింగ్ వినిపించి ప్రశ్నలు, ఒక బొమ్మ చూపించి వివరించమనడమో సంఘటన నటించమనడమో ఉంటాయి, వరస ఒక్కోచోట ఒక్కోలా. "టెల్ మి అబౌట్ యువర్‌సెల్ఫ్" కి బట్టీ జవాబు తీసుకెళ్లకండి, ఇదే పనిమీద ఉండే ఎగ్జామినర్‌కి రెండో వాక్యంలోనే తెలిసిపోతుంది, మధ్యలో ఆపి వేరేది అడుగుతారు. బొమ్మ చూపిస్తే ముందు పెద్దది చెప్పండి, తర్వాత చిన్నవి. మాట తట్టకపోతే ఆగండి, "ఆఁ... ఆఁ..." అని సాగదీయకండి, చుట్టూ తిరిగి చెప్పండి.

రిజల్టు వచ్చాక ఒక పని చేయండి. లెవెల్ 4 వస్తే గడువు తీరే తేదీకి ఆరు నెలల ముందు ఫోన్లో అలారం పెట్టుకోండి, ఎందుకంటే ఉద్యోగంలో పడ్డాక రోజూ అవే పాతిక వాక్యాలు మాట్లాడి మాట్లాడి మామూలు ఇంగ్లీషు తుప్పు పడుతుంది. నాకు రెండోసారి పరీక్షలో బొమ్మ మీద నిచ్చెన కనిపించింది, లాడర్ అనే మాట ఎంతకీ గుర్తు రాలేదు. "మనుషులు పైకెక్కడానికి గోడకి ఆనించే వస్తువు" అని ఇంగ్లీషులో చెప్పి బయటపడ్డాను. 5 వచ్చింది.